ఒక గుంత, రెండు తీర్పులు

నన్ను జైలు నుంచి బయట పడేసింది వకీలు కాదు, ఆటలమ్మ. ఈ మాట అంటే మా మెట్‌పల్లి మసీదు ముందు కూర్చునే పెద్దమనుషులు నవ్వుతారు. సాయిబును పోచమ్మ కాపాడిందట అని ఒకరికొకరు చెప్పుకొని మళ్ళీ నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. వాళ్ళలో ఒక్కడూ ఇసుకలో కూరుకుపోయిన మనిషిని చేతులతో తవ్వి తీసినవాడు కాదు.

నా పేరు ముజఫ్ఫర్ అలీ. ఖతర్‌లో ఒక కంపెనీకి జేసీబీ నడిపేవాణ్ని. చమురు ధర రోజురోజుకూ పైకి పోతున్న కాలం అది. వచ్చిన డబ్బును ఏం చేయాలో తోచక దోహా అంతా తవ్వి పోస్తున్నారా అనిపించేది. ఎటు చూసినా గుంతలు, గుంతల పక్కన క్రేన్లు. మా కంపెనీకి ఐన్ ఖాలిద్‌లో డ్రైనేజీ పైపుల పని దొరికింది. అప్పటికి ఆ చివర విల్లాలు లేవు, ఉత్త ఇసుక. నేను గుంత తవ్వాలి, హన్మాండ్లు తన మనుషుల్ని దింపి పైపులు జోడించాలి.

హన్మాండ్లుది కోరుట్ల దగ్గర పల్లె. కంపెనీ ఆయన్ను చార్జ్‌హ్యాండ్ అని పిలిచేది. అంటే ఏం లేదు, కూలీల్లో పాతకాపు. ఇంజనీరు హిందీలో అరిచిందాన్ని తెలుగులో కూలీలకు చెప్పాలి. జీతం కూలీదే, తిట్లు మాత్రం మేస్త్రీవి. నాకంటే పదేళ్ళు పెద్దవాడు కాబట్టి నేను అన్నా అనేవాణ్ని, ఆయన నన్ను భాయ్ అనేవాడు. కూలీలుండే సనయ్యా క్యాంపులో ఇద్దరిదీ ఒకే గది. నేను నమాజుకు నిలబడితే ఆయన టీవీ గొంతు తగ్గించేవాడు. ఆయన పోచమ్మ పటం ముందు అగరొత్తులు వెలిగిస్తే నాకు దగ్గొచ్చి తిట్టేవాణ్ని. బంగారం లాంటి మనిషి. కాకపోతే ఎవరేం చెప్పినా తలూపుతాడు. ఆయనకున్న రోగం అదొక్కటే.

ఆయన గ్యాంగులో జలంధర్ అని ఒకడుండేవాడు. హన్మాండ్లు ఊరివాడే. వితంతువు రాములవ్వకు ఒక్కగానొక్క కొడుకు. వచ్చి ఏడాది కూడా కాలేదు, అప్పుడే పాటలన్నీ అరబ్బీ మాటలు కలిపి పాడేవాడు.

ఆ మధ్యాహ్నం గుంత రెండు నిలువుల లోతుంది. గోడలు విరిగి పడకుండా నిలబెట్టే ఇనుప షీట్లను ముందు రోజే ఇంకో సైటుకు ఎత్తుకుపోయారు. షీట్లు లేకుండా మనుషుల్ని ఎలా దింపమంటారని హన్మాండ్లు ఇంజనీరును అడిగాడు. ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. "యల్లా, యల్లా, ఒక్క పైపే కదా" అని తొందరపెట్టాడు. నేను జేసీబీ సీట్లోంచి విన్నాను. హన్మాండ్లు కాసేపు గుంతలోకి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తలూపాడు.

"దిగురా జలంధర్. జల్ది ఎక్కి రా మల్ల" అన్నాడు.

గోడ విరిగినప్పుడు పెద్ద చప్పుడేమీ కాలేదు. మూట విప్పి బియ్యం కుమ్మరించినట్టు జారింది, అంతే. నేను మిషన్ ఆపి దూకాను. పారలు తగిలితే తల పగులుతుందని చేతులతోనే తోడాం. ముందు చెయ్యి దొరికింది. వెచ్చగానే ఉంది. ఆ వెచ్చదనం చూసి హన్మాండ్లు "ఉన్నడు, ఉన్నడు" అని కేకలు పెట్టాడు. మొహం దొరికేసరికి నోటి నిండా ఇసుక.

పోలీసులు వచ్చేసరికి ఇంజనీరు లేడు. ఆ పూట ఆయన సైటుకే రాలేదని కంపెనీ చెప్పింది. కూలీలను అడిగితే వాళ్ళు నేల చూశారు. వాళ్ళనీ తప్పు పట్టలేను, వీసా కంపెనీ చేతిలో ఉంటే నాలుక కూడా కంపెనీదే. గుంత అంచున మట్టి పోసింది నేను. మనిషిని దింపింది హన్మాండ్లు. ఇద్దరి నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోయాడని కోర్టు చెరి మూడేళ్ళు వేసింది. ఒకే గుంత, ఒకే కేసు, ఒకే తీర్పు.

కోర్టు మాకిచ్చిన వకీలు సూడాన్ మనిషి. ఉర్దూ ముక్కలు వచ్చేవి. "అప్పీలు వేశాను. ఆలస్యమవుతుంది, ఓపిక పట్టండి" అని చెప్పి వెళ్ళాడు. ఓపిక పట్టడం బయటివాడికి సులువు.

జైల్లో మా వార్డుకు ఖుత్బుద్దీన్ చాచా హైకోర్టు. పాతబస్తీ మనిషి, చెక్కు కేసుల మీద ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నాడు. ఏ దరఖాస్తు ఎవరికి పెట్టాలో, ఏ ఆఫీసరు ఏ పూట మంచిగా ఉంటాడో అన్నీ ఆయన్నే అడగాలి. మా ఇద్దరి కథ విని నాలుక చప్పరించాడు.

"అరే మియా, అప్పీలు నెత్తి మీద పెట్టుకోని కూసున్నరా? రంజాన్‌ల ఈ దేశమేలే దొరవారు మాఫీ ఇస్తరు, తెలుసు గద. లిస్టు తయారైతది. కేసు ఖలాస్ అయినోని పేరే ఆ లిస్టుల ఎక్కుతది. ఇంకా నడుస్తున్న కేసుకు మాఫీ ఎట్లిస్తరు, చెప్పు? అప్పీలు వాపస్ తీస్కోండ్రి. రంజాన్ పండుగకు ఇంట్ల సేమ్యాలు తినండ్రి."

ఇది ఆయన ఒక్కడి మాట కాదు. జైల్లో మనవాళ్ళందరూ అదే చేసేవారు. రంజాన్ దగ్గర పడుతుందంటే అప్పీళ్ళు వాపసు తీసుకునేందుకు వరస కట్టేవారు. చాచా చెప్పింది పచ్చి అబద్ధమైతే బాగుండేది, ఎవరో ఒకరు పట్టుకునేవారు. అది సగం నిజం. అందుకే మా కొంప ముంచింది.

హన్మాండ్లు ఎంత సంబరపడ్డాడో చెప్పలేను. "అప్పీలంటే తప్పు నాది గాదని కొట్లాడుడు. మాఫీ అంటే దండం పెట్టుడు. మనకు దండం పెట్టుడు అలవాటే గద భాయ్" అన్నాడు.

నేనూ సరేనన్నాను. నేనేదో ముందే పసిగట్టి ఆగానని ఎవరైనా అనుకుంటారేమో, అలాంటిదేమీ లేదు. ఆఫీసరు కాగితాలు పట్టుకొని రావడం ఆలస్యం, ఇద్దరం సంతకం పెట్టేద్దామని మాటనుకున్నాం. ఈలోగా నాకు జ్వరం తగిలింది. మర్నాటికి ఒళ్ళంతా నీటి పొక్కులు. డాక్టరు చూసి వెనక్కి జరిగాడు. నన్ను తీసుకెళ్ళి విడిగా ఒక గదిలో పడేశారు.

"అమ్మోరు పోసింది భాయ్ కి" అని హన్మాండ్లు లబలబలాడాడట. జైలు ఆవరణలో ఒక వేపచెట్టు ఉండేది. దాని మండ విరిచి, మా గది తుడిచే నేపాలీ చేత పంపాడు. పడక మీద పరుచుకొమ్మని, గోకవద్దని కబురు. అక్కడితో ఆగలేదు. ఆ చెట్టు కింద నిలబడి పోచమ్మకు మొక్కాడు. మా భాయ్ ని సల్లగ సూడు తల్లీ, ఊరికొచ్చి కల్లు సాక పోస్తా అన్నాడు. అప్పటికి కల్లు ఎక్కడి నుంచి తెస్తాడు, నల్లా నీళ్ళే చెట్టు మొదట్లో ధార పోశాడు. గార్డు తిట్టాడని నేపాలీ నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను. నవ్వితే పొక్కులు లాగి నొప్పి పుట్టింది.

కాగితాలు వచ్చిన రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను. హన్మాండ్లు తెలుగులో గుండ్రంగా సంతకం పెట్టాడు. మా భాయ్ ది కూడా నేనే పెడతానని ఆఫీసరును బతిమాలాడట. ఎవరి అప్పీలు వాళ్ళే వచ్చి తీసుకోవాలని ఆఫీసరు అన్నాడు. నేను వార్డుకు తిరిగి వచ్చేసరికి హన్మాండ్లు మొహం చిన్నబుచ్చుకొని ఉన్నాడు.

"నాకొక్కనికే ఇడుదలైతె ఎట్ల భాయ్? నువ్వు ఈడ్నే ఉండిపోతివి. అమ్మోరు ఇంకో వారం ఆగి పోస్తే ఏం పోయేది?" అన్నాడు. నా మీద జాలితో ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మీ ఇంటికాడ నేను పోయి చెప్తలే అని ధైర్యం కూడా చెప్పాడు.

రంజాన్ వచ్చింది. లిస్టు చదివారు. హన్మాండ్లు పేరు లేదు. అడిగితే ఆఫీసరు ఫైలు తిప్పి చూసి చెప్పాడు. మనిషి చనిపోయిన కేసు కాబట్టి చనిపోయినవాడి తల్లో తండ్రో క్షమించామని రాసివ్వాలి. అది ఉంటేనే పేరు లిస్టులోకి ఎక్కుతుంది.

"అరె హా, ఖూన్ కేసులల్ల అది ఉంటది. యాదికి రాలే" అని ఖుత్బుద్దీన్ చాచా గడ్డం గోక్కున్నాడు. ఆ గడ్డం పట్టుకొని గోడకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. హన్మాండ్లు నన్ను ఆపాడు. "ఆయన మంచికే చెప్పిండు భాయ్. ఈ రంజాన్ గాకుంటే వచ్చే రంజాన్. రాములవ్వ కాడికి గంగామణిని పంపుత" అన్నాడు.

గంగామణి ఆయన భార్య. పాపం, ఆ ఏడాదంతా ఆమె చేసిన పని రాములవ్వ గడప పట్టుకొని వేలాడటమే. మొదట్లో రాములవ్వ చీపురు తిప్పి కొట్టబోయిందట. గంగామణి మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ముసలామెకు బీడీలు చుట్టి పెట్టింది, జ్వరమొస్తే జావ కాచి పోసింది. చివరికి ఒకరోజు రాములవ్వ మెత్తబడింది. "వాళ్ళిద్దరేం జేస్తరు, నౌకరోళ్ళు. కంపినోని పాపం కంపినోనికే తగుల్తది. ఏలిముద్ర ఏస్త తియ్యి" అంది. వకీలు క్షమాపణ కాగితం తయారు చేసి కోరుట్లకు పంపాడు. పెద్దాఫీసరు ముందు వేలిముద్ర పడాలి, దానికి ఒక రోజు కుదరాలి.

సరిగ్గా అప్పుడు చట్టం మారింది.

వకీలు వచ్చి మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. మొహంలో సంతోషం సగమే ఉంది. కొత్త చట్టం ప్రకారం గుంత పనుల్లో ప్రమాదం జరిగితే జవాబు చెప్పాల్సింది పని చేయించే కంపెనీ, దింపమన్న ఇంజనీరు. చెప్పిన పని చేసిన కూలీ మీద, డ్రైవరు మీద కేసు నడవదు. హన్మాండ్లు చప్పట్లు కొట్టాడు. వకీలు మాత్రం ఆయన వైపు చూడలేదు.

"ముజఫ్ఫర్, నీ అప్పీలు ఇంకా నడుస్తోంది. తీర్పు పూర్తి కానివాడికి కొత్త చట్టంలో మేలుంటే ఆ మేలు దక్కాలి. నువ్వు బయటికి వస్తావు" అన్నాడు.

"మరి అన్న?" అన్నాను.

"అతని తీర్పు అప్పీలు వాపసు తీసుకున్న రోజే పూర్తయిపోయింది. పూర్తయిన తీర్పు దగ్గరికి కొత్త చట్టం పోదు. ఒక్కటే దారి ఉంది. ఆ పని ఇక నేరమే కాదని చట్టం అంటే, శిక్ష పడినవాణ్ని కూడా వదలాలి. అలా అడిగి చూస్తాను."

వకీలు ఉర్దూలో చెప్పిన చట్టం మాటలు హన్మాండ్లుకు అంతుపట్టలేదు, నేను తెలుగులో చెప్పాను. ఇంజనీరు మాటలు మాకు చెప్పడం ఆయనకు అలవాటు, ఆయనకు ఒకరు చెప్పడం అదే మొదటిసారి. తలూపాడు. ఏం అర్థమైందని ఊపాడో నాకు తెలియదు.

అప్పీలు కోర్టులో నా పని గంట కూడా పట్టలేదు. నా తప్పు లేదన్నారు. జైలుకు తిరిగి వచ్చి బట్టలు సర్దుకుంటుంటే హన్మాండ్లు నా చెప్పులు తెచ్చి పెట్టాడు. "నిన్ను ఇడిసిండ్రంటె నన్ను సుత ఇడుస్తరు. ఒక్కటే గుంత గద" అన్నాడు. ఆ మాటకు నేను అవునవును అన్నాను. గేటు దాటాక రోడ్డు పక్కన కూర్చొని ఏడ్చాను. సంతోషంతో కాదు.

ఊరికి పంపే కాగితాలు తయారయ్యేదాకా నేను ఉమ్ సలాల్‌లో ఫసీయుద్దీన్ దగ్గర తలదాచుకున్నాను. అతను మా మెట్‌పల్లివాడే, అక్కడ ఒక తోటలో డ్రైవరు. గొర్రెల దొడ్డి పక్కన రేకుల గది. పగలంతా గొర్రెలకు గడ్డి వేస్తూ వకీలు ఫోను కోసం చూసేవాణ్ని.

ఫోను వచ్చింది. హన్మాండ్లు అర్జీ కొట్టేశారు. గుంతలో మనిషి చావడం ఇవాళ కూడా నేరమేనట. ఎవరు జవాబు చెప్పాలన్నదే మారిందట. నేరం పోలేదు కాబట్టి పూర్తయిన తీర్పు పూర్తయినట్టే.

"మారితే ఆ కొత్త జవాబుదారును పట్టుకోవచ్చు కదా. ఇంజనీరు ఎక్కడ?" అని ఫోన్లోనే అరిచాను.

వకీలు నిదానంగా చెప్పాడు. ఇంజనీరు దేశం విడిచి వెళ్ళిపోయాడు. ఉన్నా ఏమీ చేయలేరు. మేలు చేసే చట్టం వెనక్కి పోవచ్చు గానీ శిక్ష వేసే చట్టం వెనక్కి పోకూడదు. ఆ రోజు అది ఇంజనీరు నేరం కాదు. కాబట్టి ఇవాళ కూడా కాదు.

విన్నారా? నాకు తప్పు లేదు, చట్టం మారింది కనుక. ఇంజనీరుకు తప్పు లేదు, చట్టం అప్పటికి మారలేదు కనుక. ముందుకు నడిచినా వెనక్కి నడిచినా ఆ చట్టం తొక్కింది హన్మాండ్లునే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఇద్దామనే చూశాడు, గుడి తలుపే మూసుకుపోయింది.

పోనీ, రాములవ్వ వేలిముద్ర ఉంది కదా అనుకున్నాను. ఆ శుక్రవారం గంగామణి ఫోను చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"అన్నా, రాములవ్వ ఏలిముద్ర ఎయ్యనంటుంది. నువ్వు ఇడుదలైన సంగతి ఊళ్ళె తెల్సింది. మిషిని తోలినోన్ని జడ్జి సాబ్ తప్పు లేదని ఇడిసిండు, హన్మాండ్లును ఇడ్వలే, అంటె హన్మాండ్లే నా కొడుకును సంపిండని ఇంటి ముందట నిలవడి మన్నెత్తి పోస్తుంది. నువ్వొక్కసారి మాట్లాడు."

గంగామణి ఫోను తీసుకెళ్ళి రాములవ్వకు ఇచ్చింది. కోళ్ళ అరుపులు వినపడ్డాయి. తర్వాత ముసలామె శ్వాస.

"నువ్వేనా మిషిని తోలింది?"

"నేనే అవ్వా."

"నీ తప్పు లేదన్నరట."

"లేదన్నరు. అన్నది సుత లేదవ్వా. ఆయన ముందే అప్పీలు కాయితం వాపస్ తీస్కున్నడు, అందుకే..."

"కాయితం సంగతి నాకు చెప్పకు కొడకా. ఇంజినీరు?"

"ఆయన్ను పట్టుకునేతట్టు లేదవ్వా."

గంగామణి పక్కనుంచి ఏదో అనబోతే ముసలామె నోరు మూయించింది.

"నీ తప్పు లేదు. హన్మాండ్లు తప్పు లేదు. ఇంజినీరు తప్పు లేదు. మరి నా కొడుకు ఊకెనే సచ్చిండా? ఒక్కనిదన్న తప్పు ఉండాలె గద బిడ్డా. ఆ ఒక్కన్నన్న ఉంచుకోనియ్యి నాకు" అని ఫోను పెట్టేసింది.

నేను గొర్రెల దొడ్డి తడిక పట్టుకొని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆమె మీద కోపం తెచ్చుకుందామంటే రాలేదు. కోర్టులు రెండూ కలిసి చెప్పలేని జవాబును ఆమె నన్ను అడిగింది.

నా టికెట్టు వచ్చాక ఫసీయుద్దీన్ నన్ను జైలుకు తీసుకెళ్ళాడు. హన్మాండ్లు అద్దానికి అవతల కూర్చున్నాడు. చిక్కిపోయాడు. చెవికి పెట్టుకునే ఫోను తీసి మొదట అడిగింది రాములవ్వ గురించే.

"ఏమన్నదో ఉన్నదున్నట్టు చెప్పు భాయ్."

చెప్పాను. తల దించుకొని విన్నాడు. ఎత్తినప్పుడు మొహంలో ఏడుపు లేదు.

"ముసల్ది అడిగినదాంట్ల తప్పేమున్నది? మనం ఇన్ని రోజులు తప్పు లేదు తప్పు లేదని చెప్పి మాఫీ అడుగుతున్నం. తప్పు లేనోన్ని మాఫ్ చేసుడేంది? తప్పు చేసినోన్నే గద మాఫ్ చేస్తరు. నువ్వు ఫోన్ జేసి చెప్పు. హన్మాండ్లు ఒప్పుకున్నడు, వాడే దించిండు, కాళ్ళు మొక్కుతున్నడని చెప్పు. అప్పుడు ఏస్తది ఏలిముద్ర."

"నువ్వు దించలేదన్నా! ఇంజనీరు దించిండు. నేను ఇన్న!" అద్దం మీద కొట్టాను. గార్డు నా భుజం పట్టుకున్నాడు.

"ఇంజినీరు నాకు చెప్పిండు. జలంధర్‌కు చెప్పింది నేనే. దిగురా అన్నది ఎవరు? నువ్వు అది సుత ఇన్నవు గద భాయ్" అన్నాడు హన్మాండ్లు. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు.

విన్నాను మరి.

ఆయన అద్దం దగ్గరికి వంగి నా మొహం చూశాడు. "మచ్చలు పోతున్నయి. మొక్కు మర్వకు. మా ఊరి పోచమ్మకు నీ పేరు మీద సాక పోస్తనన్న. నేనొచ్చేదాక ఆగితె తల్లికి కోపమొస్తది. నువ్వే పొయ్యి" అన్నాడు. టైమైపోయిందని గార్డు ఫోను లాక్కున్నాడు.

తిరిగి వస్తూ దారిలో ఫసీయుద్దీన్‌ను బండి ఆపమన్నాను. రోడ్డు పక్కన ఇసుకలో నిలబడి గంగామణికి ఫోను చేశాను. రాములవ్వకు ఇమ్మన్నాను. ఆయన చెప్పమన్నట్టే చెప్పాను. వాడే దించిండవ్వా, ఒప్పుకున్నడు, నీ కాళ్ళు మొక్కుతున్నడు అన్నాను. ఆ మాట బయటికి వస్తుంటే నా నోటినిండా ఇసుక పడ్డట్టనిపించింది. అవతల గంగామణి వింటోంది. మొగుడి మీద ఆ మాట ఆమె నా నోట విన్నది, అది నేను ఇంకా మింగలేకుండా ఉన్నాను.

రాములవ్వ ఏడవడం మొదలుపెట్టింది. కొడుకు పోయాక ఆమె అంత ఏడవడం అదే మొదటిసారని గంగామణి తర్వాత చెప్పింది. చాలాసేపటికి ముసలామె ముక్కు చీదుకుంది.

"ఈ ముక్క ముందే చెప్పుండొచ్చు గద వాడు. ఏస్త. ఏలిముద్ర ఏస్త. గని వాడు నా కండ్ల వడొద్దు. ఈ ఊళ్ళె అడుగు వెట్టొద్దు. అట్లయితెనే ఏస్త."

ఆ రంజాన్ లిస్టులో హన్మాండ్లు పేరు వచ్చింది. ఖుత్బుద్దీన్ చాచా వార్డంతా తిరిగి, చూశారా నేను చెప్పలేదా అన్నాడట.

ఇప్పుడు హన్మాండ్లు, గంగామణి మా మెట్‌పల్లిలోనే ఒక కిరాయి గదిలో ఉంటున్నారు. ఆయన రైస్ మిల్లులో వాచ్‌మన్. సొంత ఊరు బస్సులో గంట దూరం కూడా లేదు. ఆ ఊళ్ళో జలంధర్‌ను ఎవరు చంపారంటే బడి పిల్లలు కూడా ఆయన పేరే చెబుతారు. గంగామణి ఆయన్ను ఆ మాట ఎప్పుడూ అడగలేదు. నన్ను అడిగింది ఒకసారి, నిజంగ ఆయనే దించిండా అన్నా అని. లేదమ్మా అన్నాను. మరి అట్లెందుకు చెప్పినవు అంది. చట్టం సంగతి మొదటి నుంచి చెప్పుకొచ్చాను. ఆమె వింటూ వింటూ మధ్యలో లేచి పొయ్యి మీద కూర చూసుకోవడానికి వెళ్ళింది.

ఏటా ఎండలు తగ్గి వాన పడ్డాక మేమిద్దరం ఆ ఊరికి పోతాం. కల్లు ముంత నేనే మోస్తాను. ఊరి పొలిమేర రాయి రాగానే ఆయన ఆగిపోతాడు. నేను లోపలికి వెళ్ళి, జనం నవ్వుతుంటే, పోచమ్మ ముందు సాక పోసి వస్తాను. వచ్చేదాకా ఆయన ఆ రాయి ఇవతలే నిలబడి ఉంటాడు.